ఎవరి కంట పడకూడదని ఈ బట్ట?

హన్మకొండ చౌరస్తా నుంచి వరంగల్ స్టేషన్ దాకా ఫుట్‌పాత్ మీద బట్టలమ్మే ఏ బండి దగ్గర ఆగినా ఆర్మీ ప్రింట్ కనిపిస్తుంది. ప్యాంట్లు, టీషర్టులు, టోపీలు, చంటిపిల్లల నిక్కర్లు, ఆటో సీటు కవర్లు, బైకు ట్యాంకు కవర్లు. మార్కెట్లో హమాలీలు వేసుకుంటున్నారు, ఏటీఎంల ముందు గార్డులు వేసుకుంటున్నారు. కానిస్టేబుల్ సెలక్షన్లకూ అగ్నివీర్ ర్యాలీలకూ తయారవుతున్న మా పిల్లలైతే ఆ ప్యాంటు లేకుండా గ్రౌండుకే రారు. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. జంతువుల ఒంటి రంగుల గురించి చెప్పే రోజున కామోఫ్లాజ్, అంటే చుట్టూ ఉన్నదాంట్లో కలిసిపోయి కనపడకుండా ఉండడం, చూపించడానికి బొమ్మ గీయాల్సిన పని ఉండదు, ఎవరో ఒకరి బ్యాగు మీద ఉండనే ఉంటుంది.

ఆ రోజు నేను అడిగే ప్రశ్న ఒక్కటే. ఇది ఎవరి కంట పడకుండా ఉండడానికి? ఈ ప్రశ్నకు జవాబు లేని చోట ఆ బట్టకు పని లేదని నా వాదన. ఫుట్‌పాత్ మీద నూటయాభైకి దొరికే ప్యాంటు విషయంలో ఆ మాట కొంచెం మెల్లగా చెప్తాను. నడిరోడ్డు మీద లాఠీ పట్టుకుని నిలబడే బలగాల విషయంలో మాత్రం గట్టిగానే చెప్తాను.

ముందు అడవి సంగతి. పాకాల వైపో తాడ్వాయి వైపో తిరిగినవాళ్లకు తెలుసు, మనకున్నది ఒక అడవి కాదు, ఒకే చోట రెండు అడవులు. శ్రావణంలో వెళ్తే చాటంత టేకాకులు, కింద మోకాలెత్తు గడ్డి, ఎటు చూసినా పచ్చదనమే. మోదుగు పూసే నాటికి ఆకు రాలడం మొదలవుతుంది. తునికాకు కోతలొచ్చేసరికి నేలంతా ఎండాకు, పైన బూడిదరంగు మోళ్లు, మధ్యలో ఎర్రమట్టి. జూలైలో మనిషిని మాయం చేసిన పచ్చ ప్రింట్ ఏప్రిల్లో అదే చెట్టు కింద దూరం నుంచే పట్టిస్తుంది.

పిల్లలను తీసుకెళ్లినప్పుడు ఇది చేయించి చూపిస్తాను. పచ్చ ఆర్మీ ప్రింట్ గుడ్డ ఒకటి, ఏ డిజైనూ లేని పాత గోనెపట్టా ఒకటి పక్కపక్క చెట్లకు కడతాం. పిల్లలు వెనక్కి నడుస్తూ ఏది ముందు కనపడకుండా పోయిందో చెప్పాలి. ఎండాకాలం గోనెపట్టాదే గెలుపు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. దేన్ని చూసి గుడ్డను గుర్తుపట్టారని అడిగితే రంగు అని చెప్పేవాళ్లు తక్కువ. "అంచు కనపడ్తాంది సార్" అంటారు. గుడ్డ పైఅంచు తిన్నగా ఉంటుంది, కింద దాని నీడ పడుతుంది. అడవిలో తిన్నటి గీత అరుదు. మన కన్ను రంగుకంటే ముందు గీతను పట్టుకుంటుంది. భుజం వంపు, తల గుండ్రం, తుపాకీ గొట్టం, జీపు బానెట్ అంచు. ఆర్మీ ప్రింట్‌లో ఆ ముదురు మచ్చలు ఉండేది ఈ గీతలను తెగ్గొట్టడానికే. మచ్చ భుజం మీద మొదలై ఛాతీ మీదికి పారితే కన్ను ఆ రెంటినీ ఒక మనిషిగా కలపలేక తికమకపడుతుంది.

దుప్పి చేసేదీ ఇదే. ఆకుల సందుల్లోంచి నేల మీద పడే ఎండ చుక్కల్లాగే దాని ఒంటి మీద తెల్ల మచ్చలు. పిల్ల దుప్పి కదలకుండా పడుకుంటే పక్కనుంచే నడిచిపోతాం. చెవి ఒక్కసారి విదిలిస్తే చాలు, మొత్తం జంతువు కనపడుతుంది. ప్రింట్ ఎంత గొప్పదైనా కదలికను దాచలేదు.

పాకాల చెరువులో చేపను చూడండి. వీపు ముదురు, పొట్ట తెలుపు. వెలుగు పైనుంచి పడుతుంది కాబట్టి ఏ వస్తువుకైనా పైభాగం మెరుస్తుంది, కింద నీడ ఉంటుంది. ఆ తేడాను బట్టే మన కన్ను వస్తువు గుండ్రంగా ఉందని గ్రహిస్తుంది. పైన ముదురుగా, కింద లేతగా ఉన్న ఒళ్లు ఆ తేడాను చెరిపేస్తుంది, వస్తువు చదునుగా కనిపించి వెనక ఉన్నదాంట్లో కలిసిపోతుంది. అబట్ థేయర్ అనే అమెరికన్ చిత్రకారుడు 1896లో దీన్ని సిద్ధాంతంగా రాశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో హ్యూ కాట్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రజ్ఞుడు 1940లో సైన్యానికి చేసి చూపించాడు. రైలు పట్టాల మీద నడిచే రెండు పెద్ద ఫిరంగుల్లో ఒకదానికి మామూలు పద్ధతిలో రంగు వేశారు, రెండో దానికి ఈ చేప పద్ధతిలో వేశారు. విమానం నుంచి ఫొటోలు తీస్తే మొదటిది స్పష్టంగా కనపడింది, రెండోదాన్ని వెతుక్కోవాల్సి వచ్చింది. జువాలజీ చదివితే ఏమొస్తుందని అడిగే తల్లిదండ్రులకు నేను ఈ కథే చెప్తాను.

పులి మాట కూడా చెప్పాలి. అంత నారింజ రంగు జంతువు పచ్చ గడ్డిలో ఎలా దాక్కుంటుందని పిల్లలు అడుగుతారు. దాక్కోవాల్సింది మన కంటి నుంచి కాదు. దుప్పికి, సాంబరుకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. వాటి కంటికి పులి గడ్డి రంగులోనే ఉంటుంది. అన్నట్టు, ఊసరవెల్లి గురించి మనం చెప్పుకునేది కూడా చాలావరకు తప్పే. అది రంగులు మార్చేది ఎక్కువగా ఒంటి వేడి కోసం, తోటి ఊసరవెల్లికి తన కోపమో ఇష్టమో చెప్పడం కోసం. ఒకే ఒంటి రంగు ఒకరికి కనపడాలని ఉండొచ్చు, ఇంకొకరికి కనపడకూడదని ఉండొచ్చు. చూసేవాడెవడో తేల్చుకోకుండా రంగు గురించి మాట్లాడలేం.

మనుషుల సైన్యాలకు ఈ బుద్ధి ఆలస్యంగా వచ్చింది. 1840ల చివర్లో పెషావర్ దగ్గర హ్యారీ లమ్స్‌డెన్ అనే బ్రిటిష్ అధికారి తన గైడ్స్ దళానికి దుమ్ము రంగు బట్టలు వేయించాడు, ఖాకీ అక్కడ మొదలైంది. అయినా 1914లో ఫ్రెంచి సైనికులు ఎర్ర ప్యాంట్లతోనే మెషిన్‌గన్ల ముందుకు వెళ్లారు. ఆ దెబ్బ తిన్నాకే, 1915లో, ఫ్రాన్స్ చిత్రకారులను పిలిచి కామోఫ్లాజ్ విభాగం పెట్టింది.

బట్టకంటే బండిని దాచడం కష్టం. మనిషి వంగుతాడు, పడుకుంటాడు, చెట్టు చాటుకు పోతాడు. ట్యాంకు పోలేదు. దాని అంచులన్నీ తిన్నటి గీతలే. చక్రాల్లాంటి గుండ్రం అడవిలో అరుదు, అద్దం ఎండకు తళుక్కుమంటుంది, పొట్ట కింద నల్లటి నీడ, వెనక వచ్చిన దారంతా గాడి. అందుకే సైన్యంలో వాహనం ఆగగానే చేసే పని రంగు చూసుకోవడం కాదు, వల కప్పడం. వల కూడా బండికి అతుక్కునేలా కప్పకూడదు, అప్పుడు బండి ఆకారమే మళ్లీ కనపడుతుంది. కర్రలతో ఎడంగా ఎత్తి, అంచులను నేలదాకా వాలుగా లాగి కడితే బండి నీడ వల కిందే ఉండిపోతుంది.

రంగు విషయంలో నన్ను బాగా ఆకట్టుకున్నవి రెండు ప్రయోగాలు. 1976 ప్రాంతంలో తిమోతీ ఓనీల్ అనే అమెరికన్ సైనికాధికారి ఎం113 అనే సాయుధ వాహనం మీద రోలర్‌తో చిన్న చిన్న చదరాలుగా రంగు వేయించాడు. దగ్గర్నుంచి చూస్తే చదరాలు ఆకులూ రెమ్మలూ ఉన్నంత గజిబిజిగా కనపడతాయి. దూరం పోతే అవే గుంపులుగా కలిసి పెద్ద మచ్చలవుతాయి. అంటే ఒకే బండి మీద దగ్గరి కంటికి ఒక డిజైన్, దూరపు కంటికి ఇంకొకటి. ఇప్పుడు ఫుట్‌పాత్ మీద "డిజిటల్" అని అమ్ముతున్న ప్రింట్‌కు మూలం ఆ ఆలోచనే. బండివాడి దగ్గర దొరికే గుడ్డను కంటికి దగ్గరగా పెట్టుకుని చూడండి. చదరాలుంటాయి కానీ అన్నీ ఒకే సైజు, ఒకే ఎడం. నాలుగడుగులు వెనక్కి వేస్తే అవి కలిసి మచ్చలవ్వవు, మొత్తం ఒకే బూడిద ముద్దగా మారి మనిషి ఆకారాన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. డిజైన్ కాపీ కొట్టారు కానీ దాని లెక్క కాపీ కాలేదు.

రెండోది బెర్లిన్‌లో. 1980ల మొదట్లో అక్కడున్న బ్రిటిష్ దళం తన చీఫ్‌టన్ ట్యాంకులకు ఆకుపచ్చ తీసేసి తెలుపు, బూడిద, గోధుమ రంగుల్లో పెద్ద పెద్ద దీర్ఘచతురస్రాలు వేసింది. ఊరి మధ్య వెనక ఉండేవి గోడలు, కిటికీలు, నీడలు. అడవిలో శత్రువైన తిన్నటి గీత ఆ ఊళ్లో స్నేహితురాలైంది. ఎక్కడ నిలబడతామో ముందు చూసి ఆ తర్వాత రంగు ఎంచుకున్నవాళ్లు చేసే పని అది.

అలా చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి అమెరికా ఒక్కటే చాలు. అడవికీ ఎడారికీ ఊరికీ అన్నిటికీ ఒకటే సరిపోతుందని 2004లో ఆ దేశ సైన్యం బూడిద, లేతాకుపచ్చ చదరాల యూనిఫాం తెచ్చింది. అది ఏ నేలలోనూ కలవలేదు. అఫ్ఘానిస్తాన్‌లో ఉన్నవాళ్లకు 2010 నుంచి వేరే ప్రింట్ ఇవ్వాల్సి వచ్చింది, 2019 నాటికి పాతదాన్ని పూర్తిగా తీసేశారు. దీనికంటే బాధ కలిగించేది అఫ్ఘాన్ సైన్యం కథ. ఆ దేశ నేలలో అడవి దాదాపు 2.1 శాతం. అయినా 2007లో వాళ్ల రక్షణ మంత్రికి ఇంటర్నెట్‌లో చూసిన ఒక అడవి ప్రింట్ నచ్చింది, అదే కొన్నారు. అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ 2017లో లెక్కకడితే ఆ ప్రింట్ హక్కులూ అదనపు కుట్లూ కలిసి 2.6 నుంచి 2.8 కోట్ల డాలర్లు అనవసరంగా ఖర్చయ్యాయని తేలింది. ఎండిన కొండల మీద పచ్చ బట్టలతో నిలబడ్డ ఆ పిల్లల గురించి నేను చాలాసార్లు ఆలోచిస్తాను. ఎంపిక చేసింది చూడ్డానికి బాగుందని. మా ఫుట్‌పాత్ దగ్గర పిల్లవాడు కొనేదీ ఆ కారణంతోనే, కాకపోతే వాడి ప్రాణం దాని మీద ఆధారపడి లేదు.

ఇప్పుడు చూసేది కన్ను ఒక్కటే కూడా కాదు. పచ్చి ఆకు కంటికి కనపడని పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది, రాత్రి చూసే పరికరాల్లో తెల్లగా మెరుస్తుంది. మామూలు అద్దకం గుడ్డ పగలు ఆకుతో ఎంత కలిసినా ఆ పరికరంలో వేరుగా తేలిపోతుంది. అసలు సైనిక బట్టలో ఈ లెక్క కూడా చూసి రంగులు అద్దుతారు. అందుకే వాటికి గంజి పెట్టకూడదు, బట్టలు తెల్లగా మెరవడానికి సబ్బుపొడుల్లో కలిపే పదార్థం తగలకూడదు. గంజి పెట్టి కత్తిలాంటి ఇస్త్రీ చేస్తేనే యూనిఫాం అనుకునే మన అలవాటుకు ఇది పూర్తిగా ఎదురు. ఇక ఇంజిన్ వేడిని చూసే కెమెరాకు ఏ ప్రింటూ అడ్డం కాదు. ఆ వేడిని దాచే వలలూ పూతలూ వేరే శాస్త్రం, మన దేశంలో జోధ్‌పూర్‌లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో ల్యాబ్ ఆ పని చేస్తోంది.

మన సైన్యం 2022 జనవరి 15న, ఆర్మీ డే నాడు, ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ వాళ్లతో కలిసి చేయించిన కొత్త డిజిటల్ ప్రింట్‌ను బయటపెట్టింది. నూటికి 70 పాళ్లు నూలు, 30 పాళ్లు పాలిస్టర్. ఎండకు తట్టుకునే బట్ట, త్వరగా ఆరే బట్ట, అది మంచి మార్పే. డిజైన్ మీద హక్కులు రిజిస్టర్ చేయించడం ఇంకా మంచిది. అన్ని నేలలకూ ఒకే ప్రింట్ అన్న ఆలోచన మీద మాత్రం నాకు అనుమానం ఉంది. మంచు మీద ఎలాగూ తెల్లబట్టే వేసుకుంటారు. మా తాడ్వాయి అడవికే ఏడాదిలో రెండు బట్టలు కావాలి. దేశం మొత్తానికి ఒకటి అంటే అది రాజీ. రాజీ అని తెలిసి వాడుకుంటే తప్పులేదు, సరఫరాకు సులువు.

ఇక అసలు విషయానికొస్తాను. మేడారం జాతర తలచుకోండి. అంత జనంలో బిడ్డ చేయి జారిపోయిన తల్లి ఏం చేస్తుంది? తలెత్తి పోలీసు కోసం వెతుకుతుంది. ఆమెకు దూరం నుంచి కనపడాల్సింది ఖాకీ. గద్దెల చుట్టూ చెట్లు, వాటి కింద పచ్చ మచ్చల బట్టల్లో జవాన్లు నిలబడితే ఆ బట్ట తన పని తాను చేస్తుంది, ఆమె కంట పడకుండా చేస్తుంది. ఎన్నికల రోజు పోలింగ్ బూత్ దగ్గర, ఊరేగింపు దగ్గర, ధర్నా దగ్గర కూడా అంతే. అక్కడ శత్రువు లేడు. అక్కడ చూసేవాళ్లు జనం. జనం కంట పడకూడదని ఏ పోలీసూ అనుకోకూడదు.

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. బలగాలు అడవిలో డ్యూటీ నుంచి నేరుగా ఊళ్లోకి వస్తాయి, ఎన్ని జతలు మోస్తారని ఒకటి. అది నిజమైన ఇబ్బందే, ఒక్క జత ఖాకీతో తీరేది. రెండోది, ఆ బట్ట చూస్తే అల్లరిమూకలకు భయం అని. నాకు అభ్యంతరం ఇక్కడే. దాక్కోవడానికి పుట్టిన బట్టను భయపెట్టడానికి వేసుకుంటున్నాం అని ఒప్పుకోవడమే అది. పైగా చూసినవాళ్లకు సైన్యం దిగిందన్న భ్రమ కలుగుతుంది. 2020 ఫిబ్రవరిలో ఢిల్లీ అల్లర్లప్పుడు ఇదే జరిగింది. కామోఫ్లాజ్‌లో ఉన్న పారామిలిటరీ జవాన్లను చూసి సైన్యం వచ్చిందని ప్రచారం సాగితే, తాము రాలేదని సైన్యమే చెప్పుకోవాల్సి వచ్చింది, ఆ బట్టల మీద అభ్యంతరమూ తెలిపింది. ఈ లెక్కన అల్లర్లను అదుపుచేసే రాపిడ్ యాక్షన్ ఫోర్స్ వేసుకునే నీలం మచ్చల బట్ట నాకు నయమనిపిస్తుంది. నీలం మన నేలలో ఎక్కడా కలవదు, ఎవరొచ్చారో వీధి చివరి నుంచే తెలుస్తుంది.

ఎవరొచ్చారో తెలియడం అన్నది మా వైపు చిన్న విషయం కాదు. ఏటూరునాగారం, భూపాలపల్లి అడవి పల్లెల్లో పెద్దవాళ్లను అడగండి. నక్సలైట్ దళాలదీ ఆలివ్ గ్రీనే, వాళ్ల కోసం వెతికే ప్రత్యేక పోలీసు బలగం గ్రేహౌండ్స్‌దీ ఆలివ్ గ్రీనే అయిన రోజులు వాళ్లు బతికి చూశారు. రాత్రి తలుపు తట్టినవాళ్లు అన్నలో పోలీసులో తెలియక, ఏ మాట మాట్లాడితే ఎవరి చేతిలో ఏమవుతుందోనని ఊపిరి బిగబట్టి కూర్చున్న ఇళ్లు ఎన్నో. అడవిలో తుపాకీతో తిరిగేవాడు శత్రువు కంట పడకుండా ఉండాలనుకోవడం యుద్ధనీతిలో న్యాయమే. 1977 నాటి జెనీవా అదనపు ఒడంబడిక కామోఫ్లాజ్‌ను పేరుపెట్టి మరీ అనుమతిస్తుంది. మామూలు పౌరుడినని నమ్మించి దెబ్బతీయడాన్ని మాత్రం నిషేధిస్తుంది. కనపడకపోవడం వేరు, ఎవరో తెలియకపోవడం వేరు. రెండోదానికి మూల్యం చెల్లించేది తుపాకీ లేని ఇల్లే.

2016 జనవరిలో పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద దాడిచేసినవాళ్లు మన సైనికుల బట్టల్లాంటివే వేసుకున్నారు. ఆ తర్వాతే సైన్యం ప్రజలను ఆ ప్రింట్ వేసుకోవద్దనీ, దుకాణాలను అమ్మొద్దనీ కోరింది. చట్టం కూడా ఉంది. సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో ఆ బట్ట వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, 2000 రూపాయల దాకా జరిమానా. మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఆలివ్ గ్రీన్ రంగును రక్షణ శాఖ బండ్లకు కేటాయించింది. సరదాకు ప్యాంటు వేసుకున్న హమాలీని పట్టుకోమని నేననను. నమ్మించే ఉద్దేశమన్న ఆ చిన్న మాటను చట్టం ఊరికే పెట్టలేదు. జీపుకు మచ్చల స్టిక్కర్లు వేయించి, ముందు "ఆర్మీ" అని రాయించుకుని టోల్‌గేట్ దాటాలనుకునేవాళ్ల సంగతి వేరు, వాళ్ల మీద నాకే సానుభూతీ లేదు.

మా పిల్లల విషయం దీనికంటే తొందరైనది. తెల్లవారుజామున నాలుగున్నరకే ములుగు రోడ్డు మీద పరుగు మొదలుపెడతారు. అది జాతీయ రహదారి, ఇసుక లారీలు ఆగకుండా తిరిగే దారి. ఆ చీకట్లో రోడ్డు పక్క పొదల ముందు ముదురాకుపచ్చ, నలుపు మచ్చల ప్యాంటు, అదే ప్రింట్ టీషర్టు. ఇందాకటి ప్రశ్నే మళ్లీ వేసుకోండి, అక్కడ చూస్తున్న కన్ను రాత్రంతా నిద్రలేని లారీ డ్రైవరుది. వాడి కంటికి వీళ్లు తప్పకుండా కనపడాలి. ఆర్మీకి ఎంపికయ్యాక ప్రభుత్వమే అసలు బట్ట ఇస్తుంది, అప్పుడు గర్వంగా వేసుకోవచ్చు. అందాకా పరుగుకు తెల్ల బనీను చాలు. వీలైతే లైటు పడితే మెరిసే పట్టీలున్న నారింజ జాకెట్, రోడ్డు పనివాళ్లు వేసుకునేది, ఆర్మీ ప్యాంటుకంటే తక్కువకే దొరుకుతుంది. గ్రౌండులో కోచింగ్ ఇచ్చేవాళ్లు మొదటి రోజే ఆ జాకెట్ తప్పనిసరి చేయాలి. లేనివాళ్లను రోడ్డెక్కనివ్వకూడదు.